తక్‌పట్టీ వెనకాల గీసిన బొమ్మ

(హనుమకొండలో ఒక ఆదివారం పొద్దున, బొమ్మలు గీసే మిత్రుల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

ముందే చెప్పేస్తున్నాను, నేను డ్రాయింగ్ మాస్టర్ని కాను. ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పుకుంటాను. నన్ను పిలిచినవాళ్లు స్కెచ్‌బుక్ గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. మా ఇంట్లో నిండిపోయిన లాంగ్ నోటుబుక్కులు 11 ఉన్నాయి. వాటితోపాటు, మూడు పేజీలు మాత్రమే గీసిన ఖరీదైన స్కెచ్‌బుక్ ఒకటి ఉంది. ముందు దాని సంగతి చెబుతాను.

కొన్నేళ్ల కింద హైదరాబాద్ వెళ్లినప్పుడు మనసు ఆగక ఒక పెద్ద దుకాణంలో 72 రంగుల పెన్సిళ్ల డబ్బా, 24 వాటర్ కలర్ ట్యూబులు, మందపాటి కాగితాల స్కెచ్‌బుక్ కొన్నాను. ఇంటికొచ్చి ఒక్కో కాగితం ఎంత పడిందో లెక్క వేశాను. లెక్కల మాస్టర్ని కదా, అదే నా కొంప ముంచింది. అంత రేటు పెట్టి కొన్న కాగితం మీద కరెంటు తీగ మీది కాకిని గీయడానికి చెయ్యి రాలేదు. ఏదైనా గొప్ప దృశ్యం దొరకాలి అనుకున్నాను. దొరకలేదు. ఎప్పుడైనా డబ్బా తెరిస్తే ఆకుపచ్చలే తొమ్మిది. వేపచెట్టుకు ఏ పచ్చ అని వెతుక్కునేలోపు ఎండ మారిపోయేది. పెన్సిళ్లన్నీ వరసగా సర్ది మళ్లీ మూతపెట్టేవాణ్ని. రెండేళ్లు నేను చేసిన కళాసేవ అదే, సర్దడం.

ఆ తర్వాత ఒక మార్చి నెలలో మా అన్న మిర్చి బస్తాలు తీసుకుని వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌కు వస్తే తోడు వెళ్లాను. రాత్రంతా బస్తాల మీదే పడుకున్నాం. పొద్దున జెండా పాట, అంటే ఆ రోజు ధర తేల్చే వేలం, అయ్యేదాకా పని లేదు. మిర్చి ఘాటుకు తుమ్ములు, కళ్లలో నీళ్లు. జేబులో నీలం బాల్ పెన్ను ఉంది. అన్న సంచిలో కిందటిసారి తక్‌పట్టీలు, అంటే సరుకు అమ్మిన లెక్క చీటీలు ఉన్నాయి, వాటి వెనక భాగం తెల్లగా ఉంది. ఇంకేం, గీయడం మొదలుపెట్టాను. బస్తా మీద తలపెట్టి పడుకున్న ముసలాయన, కాంటా దగ్గర నిలబడ్డ, తూకం వేసే దడ్వాయి, చాట పట్టుకున్న ఒక అమ్మ. అడ్తి (కమీషన్) దుకాణం గుమాస్తా నా వంక చూసి నవ్వి తన ఎర్ర పెన్ను కూడా ఇచ్చాడు.

ఎర్ర పెన్ను చేతికొచ్చింది, ఎదురుగా మిర్చి కుప్పలు. ఇంకేముంది, నింపేయాలనిపించింది. కానీ బాల్ పెన్నుతో కుప్పంతా నింపాలంటే మధ్యాహ్నం అవుతుంది, ఆ కాగితం చిరిగిపోతుంది. అందుకని కుప్పను తెల్లగానే వదిలేసి, కాయకూ కాయకూ మధ్య ఉన్న సందుల్లో, కింద పడ్డ నీడలో మాత్రం ఎర్ర గీతలు పెట్టాను. వెనక నిలబడ్డ హమాలీ ఒకాయన "గిదేంది సారూ, మిర్చికి రంగే ఎయ్యకపోతివి?" అన్నాడు. అని, రెండడుగులు వెనక్కి జరిగి చూసి, "ఎర్రగనే కొడుతుందిలే" అన్నాడు. నేనూ దూరంగా పెట్టి చూశాను. నిజంగానే 72 పెన్సిళ్లు చేయలేని పని ఆ సందులు చేశాయి.

ఆ పొద్దున నేను ఏడు బొమ్మలు గీశాను. అందులో ఐదు బాగాలేవు. కానీ ఏడింటిలో ఒక్కదాని దగ్గర కూడా నాకు టెన్షన్ లేదు. రబ్బరుతో చెరపడానికి లేదు కాబట్టి తప్పు గీత పక్కనే సరైన గీత పెట్టుకుంటూ పోయాను. రంగు ఎంచుకునే పని లేకపోయేసరికి కళ్లు డబ్బాను వదిలి మనుషుల మీదికి వెళ్లాయి.

ఇంటికొస్తుంటే మా ఊరి గోడలు గుర్తొచ్చాయి. మా చిన్నప్పుడు పండగొస్తే అమ్మ గోడ కిందిభాగానికి జాజు (ఎర్రమట్టి) పూసి, దాని మీద సున్నంతో చుక్కలు, తీగలు పెట్టేది. రెండే రంగులు, కుంచె బదులు గుడ్డపేలిక. ఏ రంగు వేయాలా అని మా అమ్మ ఒక్కసారి కూడా ఆలోచించగా నేను చూడలేదు. ఎక్కడ పెట్టాలి, ఎంత ఎడం వదలాలి, ఇవే ఆమె ఆలోచనలు.

చేర్యాల నకాషీ పటాలు, అంటే బట్ట మీద కథలు గీసిన పొడవాటి చుట్టలు, మీలో చాలామంది చూసే ఉంటారు. చేర్యాల ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉంది కానీ, మొన్నమొన్నటిదాకా మన వరంగల్ జిల్లాదే. బట్టకు చింతగింజల జిగురు, తెల్లమట్టి పట్టించి ఆరబెడతారు. బొమ్మల వెనకంతా ఎరుపు. పాతకాలంలో దీపం మసి నలుపయ్యేది, గవ్వల నుంచి తెలుపు తీసేవాళ్లు, ఎరుపుకు ఇంగిలీకం, పసుపుకు హరిదళం, నీలానికి నీలిమందు. ఆ కాసిని రంగులతోనే బారల కొద్దీ పొడవైన పటం మీద పురాణం మొత్తం దించేవాళ్లు. కథలు చెప్పే కూనపులివాళ్లు ఆ పటం విప్పుతూ పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పేవాళ్లు. రాత్రిపూట, దీపం వెలుగులో, వెనక కూర్చున్నవాడికి కూడా ఎవరు దేవుడో ఎవరు రాక్షసుడో తెలియాలి. అక్కడ తొమ్మిది పచ్చలు ఉంటే పనికిరాకపోగా అడ్డమయ్యేవి. అప్పటి కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టిన తోట వైకుంఠం గారి బొమ్మల్లో కూడా చూడండి, చిక్కటి ఎరుపులు, పసుపుల పక్కన ఇంకో రెండు రంగులు. పని అయిపోతుంది.

మన చేతిలో ఉన్న పెన్సిల్ కూడా కరువులోనే పుట్టింది, ఈ సంగతి నాకు భలే ఇష్టం. బ్రిటన్‌తో యుద్ధం వల్ల ఫ్రాన్సుకు మంచి గ్రాఫైట్ రావడం ఆగిపోతే, 1795లో కాంటే అనే ఆయన గ్రాఫైట్ పొడిలో బంకమట్టి కలిపి కాల్చాడు. మట్టి ఎక్కువైతే గట్టిది, లేత గీత. తక్కువైతే మెత్తనిది, నల్లటి గీత. మీరు దుకాణంలో అడిగే హెచ్‌బీ, 2బీ అన్నీ ఆ మట్టి పాళ్ల లెక్కే.

ఇప్పుడు నేను వాడే సరంజామా చెబుతాను. గీతలు లేని 100 పేజీల బుక్కు, ఒక నల్ల బాల్ పెన్ను, ఒక ఎర్ర పెన్సిల్. బుక్కు అయ్యేదాకా నాలుగోది కొనను. బాల్ పెన్ను చవకదే కానీ తేలికదేం కాదు. తేలిగ్గా ఆనిస్తే బూడిదరంగు గీత వస్తుంది, ఒత్తితే నలుపు. ఒక్కోసారి మొనకు ఇంకు ముద్ద పట్టి బొమ్మ ముక్కు మీద పడుతుంది. అందుకే జేబులో పాత గుడ్డముక్క పెట్టుకోండి. దాని ఇంకు ఎండకు వెలిసిపోతుంది కాబట్టి ఫ్రేము కట్టి గోడకు పెట్టే ఆశ వదులుకోండి. ఒక విధంగా అదీ మంచిదే, ఎవరికీ చూపించే బాధ్యత లేదు. నిజం చెప్పాలంటే, గీసిన ప్రతిదీ సాయంత్రానికి ఫోన్‌లో పెట్టే అలవాటు నాకు నచ్చదు. లైకులు లెక్కపెట్టుకుంటూ గీస్తే మళ్లీ ఆ ఖరీదైన కాగితం భయమే తిరిగొస్తుంది.

"మరి ఆ 24 ట్యూబులు ఏం చేశారు సార్?" అని ఇందాక ఒక అమ్మాయి అడిగింది. నాలుగు ఉంచుకుని మిగతావి మా మేనకోడలికి ఇచ్చేశాను. తెలుపు, గోధుమ పసుపు, ఎరుపు, నలుపు ఉంచుకున్నాను. స్వీడన్ చిత్రకారుడు ఆండర్స్ జోర్న్ పేరు మీద ఈ నాలుగింటి జత చెలామణిలో ఉంది. నీలం లేదు కదా అంటారేమో. నలుపులో తెలుపు కలిపి నారింజరంగు పక్కన పెట్టి చూడండి, నీలంగానే కనబడుతుంది. నలుపులో పసుపు కలిపితే వేపాకు పచ్చ. చెబితే నేనూ నమ్మలేదు, కలిపి చూశాకే నమ్మాను.

ఇంక మాటలు చాలు. బయట ఎండ ముదరకముందే వేయిస్తంభాల గుడికి వెళ్దాం. 1163లో రుద్రదేవుడు కట్టించిన గుడి కదా అని మొత్తం గుడిని కాగితం మీదికి ఎక్కించాలని చూడకండి. నంది దగ్గర కూర్చోండి. అది నున్నటి నల్లరాయి. మన దగ్గర ఉన్నదీ నల్లపెన్నే. అయినా నల్లగా నింపడం మొదలుపెట్టేముందు ఐదు నిమిషాలు దాని వీపు చూడండి. వీపు మీద పొద్దుటి వెలుగు పడి రాయి తెల్లగా మెరుస్తుంటుంది. ఆ మెరుపు ఎక్కడ ఆగిపోతుందో కనిపెట్టి, అంతమేరా కాగితాన్ని ముట్టుకోకుండా వదిలేయండి.

పెన్నులు ఈ సంచిలో ఉన్నాయి, మనిషికి ఒకటి. రబ్బర్లు తెచ్చినవాళ్లు ఈ టేబుల్ మీద పెట్టి రండి, తిరిగొచ్చాక తీసుకోవచ్చు.