జున్ను ముక్కంత ఎలుగుబంటి
(గ్రంథాలయ వారోత్సవాల్లో చేసిన ప్రసంగం)

అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకి, వెనక బెంచీల్లో గుసగుసలాడుతున్న పిల్లలకి నమస్కారం. ఇక్కడ మాట్లాడే ప్రతివారూ మొదటి పది నిమిషాలూ నమస్కారాలకే పెడతారు. నేను ఒక్కదానితో సరిపెడుతున్నాను.

ఆర్కిటిక్ కబుర్లు చెప్పమన్నారు, చెబుతాను. జులైలో మా అమ్మాయి మమ్మల్ని ఉత్తర ధ్రువం వైపు, ఆర్కిటిక్‌లో ఉన్న నార్వే వాళ్ల స్వాల్బార్డ్ దీవులకి తీసుకెళ్లింది. అక్కడి ఊరు లాంగియర్‌బైన్ 78 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. వేసవిలో దాదాపు నాలుగు నెలలు సూర్యుడు అస్తమించడు. సంధ్యావందనం ఎప్పుడు చేయాలో తెలియక నేను పడ్డ టెన్షన్ ఇంకోసారి చెబుతాను.

ఓడ దిగి నేల మీద కాలు పెట్టేముందు గైడమ్మాయి మా బూట్లు బ్రష్‌తో తోమించింది, జేబులు దులిపించింది. మా ఆవిడ శాలువా అంచున ఉత్తరేణి గింజ దొరికింది! మన చేలగట్టు నుంచి అంత దూరం వచ్చేసింది. బయటి విత్తనం అక్కడ మొలవకూడదట. గైడమ్మాయి పట్టకారుతో తీసి కవర్లో వేసుకుంది.

నాలుగో రోజు తెల్లవారుజామున “ఎలుగుబంటి!” అని మైకులో పిలిచారు. స్వెట్టర్లు తిరగేసి వేసుకుని పరిగెత్తాం. బైనాక్యులర్లో చూస్తే మంచు పలక మీద జున్ను రంగు ముక్క. తెలుపు కాదు, జున్నే. “ఇంత డబ్బు పోసి దీనికా వచ్చాం?” అంది మా ఆవిడ. దగ్గరికి పోనివ్వరు మరి. 2025 జనవరి నుంచి అక్కడ చట్టం: ధ్రువపు ఎలుగుకి 300 మీటర్ల లోపలికి పోకూడదు, మార్చి నుంచి జూన్ ఆఖరుదాకా అయితే 500 మీటర్లు. ఇంతలో అది ముక్కు పైకెత్తి మావైపు వాసన చూసింది. అంతే, కెప్టెన్ ఓడని వెనక్కి తీశాడు. డబ్బు కట్టినవాళ్లం మేము, మర్యాద దానికి!

ఆర్కిటిక్ కబుర్లే చెప్పమన్నారు, నిజమే. కానీ నా బాధ మన కోరంగి మడ అడవిది. సైబీరియా ఆర్కిటిక్‌లో గుడ్లు పెట్టే ఉల్లంకి పిట్టలు కొన్ని చలికాలానికి మన కాకినాడ తీరం బురదమేటల మీదికి వస్తాయి. వేల కిలోమీటర్లు ఎగిరి వచ్చి, తిరిగి పోవడానికి కావలసిన కొవ్వు ఇక్కడే మేసి కూడబెట్టుకోవాలి. మనమేం చేస్తున్నాం? పడవలో పాటలు పెట్టి, దగ్గరికి పోయి చప్పట్లు కొడుతున్నాం. ఎగిరితేనే కదా వీడియో బాగుండేది! ఒక్కో చప్పట్టుకీ వాటి కొవ్వు కొంత కరిగిపోతుంది.

ఎవరినో తిట్టడం లేదండీ. కిందటి సంక్రాంతికి మనవడి కోసం ఆ చప్పట్లు కొట్టింది నేనే. పడవవాడు “వద్దు మేస్టారూ, పాపం మేస్తున్నాయి” అన్నాడు కూడా. వినలేదు. ఓడ వెనక్కి తీసినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ కుర్రాడే.

అధ్యక్షులవారు చీటీ పంపారు, ముగించమని. ఒక్క మాట. ఆదివారం తెల్లవారుజామున తాళ్లరేవు వైపు వెళ్తున్నాం, సముద్రం నీళ్లు వెనక్కి తీసే వేళకి. అదే పడవ. ఆరుగురికే చోటు. వెనక బెంచీ వాళ్లకి ముందు. స్పీకర్లు తేవద్దు, ఉన్న చోటే కూర్చుని చూడ్డం నాకు నేర్పండి.