గుండీ మారితే కోటు నకిలీదా? పాత సైనిక దుస్తుల బజారులో పరువు తగాదాలు

(దృశ్యం: బల్ల మీద పరిచిన ఖాకీ నూలు కోటు. కెమెరా కాలర్ నుంచి లోపలి జేబు దాకా మెల్లగా దిగుతుంది.)

ఈ కోటు లోపలి జేబులో దర్జీ కుట్టిన చిన్న గుడ్డ పట్టీ ఉంది. దాని మీద సిరాతో రాసిన 1944 అనే అంకెలు వెలిసిపోయినా చదవడానికి వీలుగానే ఉన్నాయి. ముందు వైపు ఇత్తడి గుండీల మీద మాత్రం అశోకుడి సింహాలున్నాయి. మన సైన్యం చిహ్నాల్లో బ్రిటిష్ కిరీటం పోయి సింహాలు వచ్చింది 1950 జనవరి 26న దేశం గణతంత్రమైన తర్వాతే కాబట్టి, 1944 నాటి కోటుకు ఈ గుండీలు ఎలా వచ్చాయని అడగడం న్యాయమే. ఆ ప్రశ్నను అడగవలసిన తీరులో అడగక, ఈ కోటు నాకు అమ్మిన పెద్దాయన పరువు తీశాను. ఈ వీడియో చేయడానికి కారణం అదే.

(దృశ్యం: గురువారం ఉదయం, హైదరాబాద్‌లోని జుమేరాత్ బజారు. నేల మీద పరిచిన పాత సామాన్లు.)

1806లో ఏర్పడిన సికింద్రాబాద్ కంటోన్మెంట్, 1948 సెప్టెంబరు దాకా నిజాంకు ఉన్న సొంత సైన్యం, ఈ రెండింటి వల్ల మన నగరంలో పాత ట్రంకు పెట్టెలు తెరిచినప్పుడు అప్పుడప్పుడూ సైనిక దుస్తులు బయటపడుతుంటాయి. బంగారం కొంటే హాల్‌మార్క్ చూసుకుంటాం. పాత కోటుకు అలాంటి ముద్ర వేసేవారెవరూ లేరు. అమ్మేవారి మాటే ముద్ర. అందువల్ల సేకర్తలు పట్టుమని పదిమంది కూడా లేని చోట, ఒకరు "ఆయన దగ్గర డూప్లికేట్ సరుకు ఉంది" అంటే చాలు, ఆ వ్యాపారి ఇరవై ఏళ్లుగా సంపాదించుకున్న నమ్మకం వారంలో కరిగిపోతుంది.

నేను చేసింది సరిగ్గా అదే. కోటును ఇంటికి తెచ్చి చీకటి గదిలో అతినీలలోహిత టార్చి వేస్తే గుడ్డ నీలంగా మెరిసింది. ఆ వెలుగులో నీలంగా మెరిసే, తెల్లదనాన్ని పెంచే రసాయనాల వాడకం రెండో ప్రపంచ యుద్ధం తర్వాతే విస్తరించింది కనుక, మెరిసిన గుడ్డ కొత్తదేనని తేల్చేసి, ఆ వ్యాపారి నకిలీలు అంటగడుతున్నాడని నాకు తెలిసిన సేకర్తలందరికీ చెప్పాను. అయితే అవే రసాయనాలు ఇప్పటి డిటర్జెంట్ పొడుల్లోనూ ఉంటాయి. వాటితో ఉతికితే ఎంత పాత నూలు గుడ్డయినా మెరుస్తుంది. కోటును ఇంట్లోవాళ్లు ఏటా ఉతికి దాచేవారని అమ్మేటప్పుడే ఆయన నాతో అన్నారు. నేనే పట్టించుకోలేదు.

(దృశ్యం: దగ్గరగా చూపుతూ, అంచు మడత నుంచి తీసిన ఒక దారప్పోగు కాలుతోంది.)

తర్వాత ఒక సీనియర్ సేకర్త సలహాతో మడత లోపలి దారప్పోగు తీసి కాల్చి చూశాను. పాలిస్టర్ అయితే కరిగి గట్టి పూసలా మారుతుంది. ఇది కాగితం కాలిన వాసనతో బూడిదైంది, అంటే నూలు. దీంతో కోటు పాతదని రుజువు కాలేదు, కానీ కొత్తదని చెప్పడానికి నా దగ్గరున్న ఆధారం మాత్రం పోయింది.

ఇక గుండీల సంగతి. ఖాకీ డ్రిల్ (మందపాటి నూలు గుడ్డ) కోట్లకు గుండీలను దారంతో కుట్టేవారు కాదు. ఉతికేటప్పుడు తీసేయడానికి వీలుగా కాజాల వంటి రంధ్రాల్లోంచి దూర్చి, వెనక చిన్న రింగుతో బిగించేవారు. వాటిని మార్చడానికి నిమిషం పట్టదు. 1944లో కోటు కుట్టించుకున్న అధికారి 1950 తర్వాత కూడా కొలువులో ఉంటే, కిరీటం గుండీలు తీసి సింహాల గుండీలు పెట్టుకోవడం సహజం. నిన్నో మొన్నో ఎవరో వ్యాపారి పెట్టి ఉండవచ్చు కూడా. ఎక్కువ తగాదాలు ఇక్కడే పుడతాయి: గుడ్డ అసలుదే, పైన చేరిన గుండీలు, బ్యాడ్జీలు తర్వాతవి. "కోటు అసలుదే" అన్న వ్యాపారీ, "ఇది అప్పటి రూపం కాదు" అన్న సేకర్తా ఇద్దరూ నిజమే చెబుతుంటారు, ఒకరినొకరు అబద్ధాలకోరు అనుకుంటుంటారు.

కొన్నిచోట్ల మాత్రం అనుమానానికి తావుండదు. అమెరికన్ జాకెట్ల లోపలి లేబుల్ మీద కాంట్రాక్టు సంఖ్య ఉంటుంది. అమెరికా సైన్యానికి సరుకులు సమకూర్చే సంస్థ డీఎస్ఏ పేరుతో, డీఎస్ఏ 100 తర్వాత 68 అని ఉంటే అది 1968 ఆర్థిక సంవత్సరపు కాంట్రాక్టు. ఆ సంస్థ పేరు 1977లో డీఎల్ఏ అయింది కనుక, డీఎల్ఏ అని ఉన్న జాకెట్‌ను 1975లో ముగిసిన వియత్నాం యుద్ధం నాటిదని అమ్మితే ఆ వర్ణన తప్పే.

సినిమా దుస్తుల సంగతి కూడా ఒక మాట చెప్పాలి. కృష్ణానగర్ వైపు అద్దె దుకాణాల్లో షూటింగుల కోసం కుట్టిన యూనిఫారాలుంటాయి. అలాంటివి మాసి, చిరిగి, చేతులు మారితే మూడో వ్యాపారికి అవి ఎక్కడివో తెలియకపోవచ్చు. తెలియక అమ్మినవారినీ, తెలిసి అంటగట్టినవారినీ ఒకే మాటతో పిలవడం అన్యాయం.

వ్యాపారుల బాధలూ ఉన్నాయి. ధర తగ్గించడానికి నలుగురిలో సరుకును తక్కువ చేసి మాట్లాడేవారున్నారు; మంచి గుండీలు తీసుకుని, వేరేవి పెట్టి కోటు వాపసు ఇచ్చేవారున్నారు. సేకర్తే చాటుగా అమ్మకాలు కూడా చేస్తుంటే, పోటీదారుడి మీద అతను చేసే ఆరోపణను రెండుసార్లు పరిశీలించాలి.

చట్టం కూడా సరుకునూ మనిషినీ వేరుగా చూస్తుంది. 1930 నాటి వస్తు విక్రయ చట్టం 15వ సెక్షన్ ప్రకారం, వర్ణన చెప్పి అమ్మిన సరుకు ఆ వర్ణనకు సరిపోవాలి. ఇక్కడ చర్చ కోటు గురించే. మనిషిని మోసగాడంటే భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద పరువు నష్టం కేసు అవుతుంది, రెండేళ్ల దాకా జైలు శిక్ష పడవచ్చు. అన్న మాట నిజమని చూపితేనే సరిపోదు, అది ప్రజల మేలు కోసం అన్నదై కూడా ఉండాలి.

(దృశ్యం: వ్యాపారి చేతులు, పాత బిల్లు పుస్తకం. ముఖం కనిపించదు.)

నేను ఎవరెవరికి చెప్పానో వారిలో ముగ్గురిని వెంటబెట్టుకుని వెళ్లి ఆయనకు క్షమాపణ చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "కోటు డూప్లికేట్ అంటే చూపించమని అడుగుతుంటి బిడ్డా, నన్ను దొంగ అన్నవ్ గదా, దానికి నేనేం చూపియ్యాలె?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఆయన నా పాత బిల్లు అడిగి తీసుకుని, దాని వెనక తన చేత్తో రాసి సంతకం పెట్టి ఇచ్చారు: "కోటు లోపల 1944 పట్టీ ఉన్నది. గుండీలు 1950 తర్వాతివి. ఎవరు మార్చిన్రో తెల్వదు."