వేంపల్లె డోలమైట్, నార్జి సున్నపురాయి: పొరలు కొలిచి పాత సముద్రాన్ని చదవడం ఎలా?

నమస్కారం. కడప, కర్నూలు వైపు ఫీల్డ్‌కు వచ్చే విద్యార్థులు చాలామంది ఏ రాయి కనిపించినా నోట్‌బుక్‌లో "సున్నపురాయి" అని రాసి ముందుకెళ్తారు. పని చెడేది అక్కడే. వేంపల్లె డోలమైట్ (మెగ్నీషియం కూడా ఉన్న, సున్నపురాయిని పోలిన రాయి) పాపాఘ్ని గ్రూపుది (గ్రూపు అంటే వరసగా పేరుకున్న శిలాపొరల సముదాయం), గువ్వలచెరువు క్వార్ట్‌జైట్ (గట్టిపడిన ఇసుకరాయి) మీద ఉంటుంది. దానికి పైనున్న తాడిపత్రి పొరల్లోకి పులివెందుల దగ్గర కరిగిన రూపంలో చొరబడి గట్టిపడిన శిలకే సుమారు 188 కోట్ల ఏళ్లు. అంటే వేంపల్లె అంతకన్నా పాతది. నార్జి సున్నపురాయి కర్నూలు గ్రూపుది, బనగానపల్లె క్వార్ట్‌జైట్‌కు పైన వస్తుంది. బేతంచెర్ల, కొలిమిగుండ్ల నాపరాళ్లు, బెలుం గుహలు అన్నీ ఈ కర్నూలు గ్రూపు సున్నపురాళ్లలోనివే. ఈ రెండు గ్రూపుల మధ్య చాలా పెద్ద కాలవిరామం ఉంది. అందుకని రెండింటినీ ఒకే లాగ్‌లో (పొరలను కింది నుంచి పైకి వరసగా గీసే పటంలో) కలిపేయకండి.

ముందు పొరల మందం కొలుద్దాం. పొరల వాలు దిశలోనే నడవాలి, పక్కకు జారితే లెక్క తప్పుతుంది. చదునైన నేల మీద టేపు 20 మీటర్లు, వాలు 12 డిగ్రీలు అనుకోండి. 20ని సైన్ 12తో గుణిస్తే 4.2 మీటర్లు వస్తుంది. అదే వాలును 15 అని చదివితే 5.2 అవుతుంది. మూడు డిగ్రీల తప్పుకే మందం పావు వంతు పెరిగిపోయింది, చూశారా! కాబట్టి ఒకేచోట కాదు, మూడు నాలుగు చోట్ల చదవండి. పొర ముఖం గరుకుగా ఉంటే నోట్‌బుక్ అట్ట ఆనించి, దాని మీద క్లైనోమీటర్ (వాలు కోణం కొలిచే పరికరం) పెట్టండి.

ఇప్పుడు రాయి ఏదో తేల్చే ఆమ్ల పరీక్ష. తొమ్మిది పాళ్ల నీళ్లలో ఒక పాలు గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోయాలి. ఆమ్లంలో నీళ్లు ఎప్పుడూ పోయకండి. కళ్లద్దాలు తప్పనిసరి. సుత్తితో తాజా ముఖం తీసి ఒక్క చుక్క వేయండి. వెంటనే బుసబుసా పొంగితే సున్నపురాయి. ఊరికే ఉంటే చాకుతో గీకి, ఆ పొడి మీద వేయండి. అప్పుడు నెమ్మదిగా పొంగితే డోలమైట్. చాకుకు గీత పడక, చుక్కకు పొంగకపోతే చెర్ట్ (సిలికాతో ఏర్పడిన గట్టి రాయి). వేంపల్లె డోలమైట్‌లో చెర్ట్ పట్టీలు మామూలే. జాగ్రత్త ఎక్కడంటే, పగుళ్లలో నిండిన కాల్సైట్ (సున్నపురాయిలోని ముఖ్య ఖనిజం) సిరలు, రాతి మీద తెల్లగా పేరుకున్న సున్నపు పెచ్చు, రెండూ పొంగుతాయి. వాటి మీద చుక్క వేసి డోలమైట్‌ను సున్నపురాయి అని రాసేవాళ్లు ఎక్కువ. ఎండకు వానకు నానిన డోలమైట్ ముఖం ఏనుగు తోలులా గీతలు పడి ఉంటుంది, దూరం నుంచే అనుమానించవచ్చు.

ఇక పొరల ఆకారం చూద్దాం. పైకి ఉబ్బిన పొరల దొంతర కనిపిస్తే అది స్ట్రోమటోలైట్. సూక్ష్మజీవుల చాపలు సన్నని మట్టిని పట్టి పేర్చిన కట్టడం. ఉబ్బు ఏ వైపుంటే అదే పైభాగం. కింద గుమ్మటాలు, స్తంభాలు. వాటి మీద చదునైన పొరలు. ఆ పైన బురద పగుళ్లు, చదును గులకల పట్టీ. ఇలా వరసగా కనిపిస్తే నీరు తగ్గుతూ వచ్చి, చివరికి నేల బయటపడి ఎండిందని చదవాలి. ఆ గులకలంటే అలలు పెళ్లగించిన ఎండిన బురద పెచ్చులే. సున్నం పొరలు పొరలుగా చుట్టుకున్న గుండ్రని ఊలైట్ గింజలు 2 మిల్లీమీటర్ల లోపే ఉంటాయి, అలల కదలికకు గుర్తు. ఒక్క స్ట్రోమటోలైట్ చూసి లోతు తేల్చేయకండి, పైనా కిందా ఉన్నవాటితో కలిపి చూడాలి.

నార్జిలో సంగతి వేరు. బూడిదరంగు నుంచి నలుపు దాకా, సన్నగా, సమంగా సాగే పొరలు. తరంగాల గుర్తులు గానీ బురద పగుళ్లు గానీ లేని భాగాల్లో అలలు తాకని నిశ్చల జలం అని చెప్పవచ్చు. నలుపొక్కటే లోతుకు రుజువు కాదు, అది సేంద్రియ పదార్థం మిగిలిందని మాత్రమే చెబుతుంది. ఇళ్లల్లో పరిచే కడప బండ మీద కూడా ఎగుడుదిగుడుగా పాకే నల్లటి గీతలు ఉంటాయి కదా? వాటిని స్టైలోలైట్ అంటారు, ఒత్తిడికి రాయి కరిగిన చోటు. దాన్ని పొర అనుకుని వాలు కొలిచారంటే పై లెక్కంతా వృథా.

నమూనా తీసేటప్పుడు విరగ్గొట్టక ముందే మార్కర్‌తో పైకి బాణం, వాలు దిశ, సంచి నంబరు రాయండి. గని అంచు కింద నిలబడకండి, యజమాని అనుమతి లేకుండా దిగకండి. లాగ్‌ను 1:100లో, అంటే ఒక సెంటీమీటరుకు ఒక మీటరు చొప్పున గీసి, రాయి కనపడని చోట ఖాళీగా వదలండి, ఊహించి నింపవద్దు.