సైరన్ తీసేసిన బండి

శ్రోతలకు నమస్కారం.

రెండేళ్ల కిందట మా బావమరిదికి ఒక ఆలోచన వచ్చింది. కారు కొందామనో, స్థలం కొందామనో అయితే ఇంట్లో ఎవరూ ఉలిక్కిపడేవాళ్లు కాదు. వాడు కొందామన్నది పాత అంబులెన్సు. లోపల మంచం, పొయ్యి, నీళ్ల ట్యాంకు పెట్టించుకుని, చిత్తూరు నుంచి లేహ్ దాకా అందులోనే వండుకుంటూ, అందులోనే పడుకుంటూ పోదామన్నాడు. మా అమ్మ చింతపండు పిసుకుతున్న గిన్నె పక్కన పెట్టేసి, "శవాలు మోసిన బండిలో నేను అన్నం తినాల్నా?" అంది.

ఆమెకు జవాబు చెప్పడం కన్నా బండి వెతకడమే మాకు సులువైంది.

లెక్క వేసి చూస్తే వాడి మాటలో పస లేకపోలేదు. అంబులెన్సు అంటే పైకప్పు ఎత్తుగా ఉండే వ్యాను. పెద్ద బండి అయితే అయిదున్నర అడుగుల మనిషి లోపల నిలబడి చొక్కా తొడుక్కోవచ్చు. వెనక తలుపులు బార్లా తెరుచుకుంటాయి. స్ట్రెచర్ పట్టిన చోట ఒక మనిషికి పరుపు పడుతుంది. రెండో బ్యాటరీ, ఇన్వర్టరు, వెనక ఏసీ, గోడకు అల్మరాలు చాలా బండ్లలో ముందే ఉంటాయి. సగం పని అయిపోయినట్టే అనిపిస్తుంది. అనిపిస్తుంది అంతే.

ప్రభుత్వ బండ్లు వేలంలో చవగ్గా దొరుకుతాయని మాకు చాలామంది చెప్పారు. ఇక్కడ ఒక మెలిక ఉంది. మన రాష్ట్రంలో 108 సేవ మొదలైంది 2005లో. ఆ తొలినాళ్ల బండ్లకు పదిహేనేళ్లు ఎప్పుడో నిండిపోయాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ రద్దవుతోంది, అవి తుక్కుకే పోవాలి. కాబట్టి వేలంలో బండిని చూసి మురిసిపోయే ముందు దాన్ని బండిగా అమ్ముతున్నారా, తుక్కుగా అమ్ముతున్నారా అన్నది కాగితంలో చదువుకోవాలి. తుక్కు కింద కొన్నది ఎంత మెరిసినా మళ్లీ రోడ్డెక్కదు.

ఇక మిగిలింది ప్రైవేటు బండ్లు. ఓమ్నీ, ఈకో లాంటి చిన్నవి సందుల్లో తిరగడానికి బాగుంటాయి, సంసారానికి చాలవు. పెద్ద వాటిలో మనవైపు ఎక్కువగా కనిపించేవి రెండు, టాటా వింగర్, ఫోర్స్ ట్రావెలర్. ఫోర్స్ కంపెనీ పేరు 2005కు ముందు బజాజ్ టెంపో. ట్రావెలర్‌ను వాళ్లు 1987లో తెచ్చారు. అందుకే మనం ఇప్పటికీ దాన్ని టెంపో ట్రావెలర్ అనే అంటాం. వింగర్ కిందికి ఉంటుంది, ఎక్కడం దిగడం తేలిక, ముసలివాళ్లకు సుఖం. కానీ దానికి ఇంజను శక్తి ముందు చక్రాలకు పోతుంది. వెనక మంచాలూ నీళ్లూ నింపుకుని కంకర రాళ్ల ఎత్తు ఎక్కేటప్పుడు బరువంతా వెనక్కి వాలుతుంది, ముందు చక్రాలు పట్టు వదిలి గిర్రున తిరుగుతాయి. ట్రావెలర్‌కు వెనక చక్రాలు తోస్తాయి. కొండల మీద కన్ను ఉన్నవాళ్లం కాబట్టి మేము ట్రావెలర్ వైపు మొగ్గాం. తిరుపతి, చెన్నై, బెంగళూరు మధ్య తారు రోడ్డు మీదే తిరిగేవాళ్లయితే వింగర్‌ను తీసిపారేయనక్కర్లేదు.

జిల్లాలో ఒక ప్రైవేటు ఆస్పత్రి తన ట్రావెలర్ అంబులెన్సును అమ్మకానికి పెట్టిందని తెలిసి వెళ్లాం. మీటరు మీద లక్షా నలభై వేల కిలోమీటర్లు. డీజిల్ బండికి అది ఏమంత ఎక్కువ కాదని మా బావమరిది కళ్లలో వెలుగు. వెంట తీసుకెళ్లిన మెకానిక్ భాయ్ మాత్రం మీటరు వైపు చూడనే లేదు. డ్రైవర్‌ను పక్కకు పిలిచి, "నిలబడినప్పుడు ఇంజను ఆపేవాళ్లా?" అని అడిగాడు. "ఏసీ ఉండాలి కదన్నా, ఎట్లా ఆపేది?" అన్నాడు డ్రైవర్.

పాత అంబులెన్సు గురించి నేను నేర్చుకున్నవాటిలో ముఖ్యమైనది అదే. బండి చెట్టు కింద నిలబడి ఉంటుంది, చక్రం కదలదు, మీటరు కదలదు, ఇంజను మాత్రం తిరుగుతూనే ఉంటుంది. మాటవరసకు రోజుకు నాలుగు గంటలు, ఏడాదికి 300 రోజులు, ఆరేళ్లు అనుకోండి. 7,200 గంటలు. అన్ని గంటలు నలభై కిలోమీటర్ల వేగంతో రోడ్డు మీద పోయి ఉంటే 2,88,000 కిలోమీటర్లు అయ్యేది. మీటరు చూపించని ఆ అరుగుదలను మరోచోట చూడాలి. భాయ్ ఇంజను నడుస్తుండగానే ఆయిల్ పోసే మూత తీసి, పైన అరచెయ్యి పెట్టాడు. బ్యాక్ కంప్రెషన్ ఉంటే, అంటే ఇంజను లోపల అరిగి గ్యాసు కిందికి జారుతుంటే, అక్కడి నుంచి పొగ గుప్పుగుప్పున తన్నుకొస్తుంది. మాకు కొంచెం ఆవిరి లాంటిది వచ్చింది. "పర్వాలేదు సార్, ఇంకొన్నేళ్లు లాగతాది" అన్నాడు.

చిత్తూరు బండి కావడం కూడా కలిసొచ్చింది. ఇక్కడి అంబులెన్సులకు వేలూరు రోడ్డే సగం జీవితం. గుడిపాల దాటి కాట్పాడి మీదుగా వేలూరు ఆస్పత్రికి పోవడం, రావడం. ఊరి లోపల అడుగడుక్కీ క్లచ్ తొక్కిన బండి కన్నా అలా హైవే మీద తిరిగిన బండి మేలు. పరీక్షగా పలమనేరు వైపు మొగిలి ఘాట్ ఎక్కించాం. ఎక్కేటప్పుడు ఉష్ణోగ్రత ముల్లునూ, దిగేటప్పుడు బ్రేకునూ చూశాం. రెండూ మాట విన్నాయి.

ఇంజను చూసిన మురిపెంలో మేము చేసిన తప్పు, వెనక నేలను చూడకపోవడం. పైన వినైల్ షీటు, దాని కింద ప్లైవుడ్, శుభ్రంగా కనిపించింది. కొన్నాక షెడ్డులో షీటు లేపితే ముక్కు మూసుకోవాల్సి వచ్చింది. ప్లైవుడ్ నాని నల్లబడింది. దాని కింద రేకు చిల్లులు పడి, షెడ్డు నేల మీద పడున్న బోల్టు ఒకటి పైనుంచే కనిపించింది. రోజూ బ్లీచింగ్ నీళ్లతో కడుగుతారు కదా. సోడియం హైపోక్లోరైట్ క్రిములను ఎలా చంపుతుందో ఇనుమునూ అలాగే తింటుంది. అంచుల్లోంచి లోపలికి దిగిన నీరు ఆరేళ్లు అక్కడే కూర్చుంది. టింకరింగ్ పనికే మూడు వారాలు పట్టింది. మీరు కొనేటప్పుడు తలుపు దగ్గర షీటు అంచు ఒక జానెడు లేపి చూపించమనండి. అమ్మేవాడు ఒప్పుకోకపోతే అక్కడ ఏముందో అర్థం చేసుకోవచ్చు.

ఆక్సిజన్ సిలిండర్లు తిరిగి ఇచ్చేశారు కానీ గోడ వెనక రాగి పైపులు ఉండిపోయాయి. ఒక్క మాట చెప్పాలి. సిలిండర్ ఇంకా బండిలోనే ఉంటే గ్రీజు చేతులతో దాని వాల్వును ముట్టుకోవద్దు. ఒత్తిడిలో ఉన్న ఆక్సిజన్‌కు నూనె తగిలితే అగ్గిపుల్ల అక్కర్లేదు. వైరింగ్ సంగతి కూడా అంతే. సైరన్‌కు ఒకరు, మానిటర్‌కు ఒకరు, ఫ్యానుకు ఒకరు అతుకుల మీద అతుకులు వేసి ఉంటారు. వెనక భాగం వైర్లన్నీ పీకించి, కొత్త ఫ్యూజు బాక్సు నుంచి మళ్లీ మొదలుపెట్టాం.

వంట, సోలార్ లాంటివి ఎవరి సరదా వారిది. వంట గ్యాసు గాలి కన్నా బరువు, లీకయితే నేల దగ్గరే చేరుతుంది, అందుకే నేల మట్టంలో ఒక కన్నం ఉండాలి అన్నది మాత్రం మరిచిపోకండి. ఉక్కకు ఏసీ కన్నా పైకప్పు ఫ్యానే మాకు ఎక్కువ పనికొచ్చింది.

అన్నిటికన్నా టెన్షన్ పెట్టింది కాగితాలు. ఆర్‌సీలో అంబులెన్సు అని ఉన్న బండిని మనకిష్టం వచ్చినట్టు ఇల్లు చేసుకోవడం కుదరదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం మార్పుకు ఆర్టీవో ఆఫీసు అనుమతి కావాలి, ఆ మార్పు ఆర్‌సీలో ఎక్కాలి. లేకుండా చేస్తే ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా ఉండొచ్చు. ముందు అనుమతి, తర్వాతే రంపం. రవాణా వాహనంగా ఉన్నంతకాలం, ఎనిమిదేళ్లు దాటిన బండికి ఏటా ఎఫ్‌సీ, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్, చేయించాలి. సొంత బండిగా మారితే పన్ను లెక్క మారుతుంది, అదెంతో బేరం ఆడక ముందే కనుక్కోవాలి. ఇన్సూరెన్సు వాళ్లకు మార్పు సంగతి చెప్పకపోతే రేపు క్లెయిమ్ దగ్గర చిక్కు.

సైరన్, పైన తిరిగే లైటు కొన్న రోజే తీసేయాలి. సైరన్ కూతకు దారి ఇవ్వనివాళ్లకు 2019 సవరణ తర్వాత పది వేల రూపాయల జరిమానా ఉంది. ఆ కూతను పిక్నిక్‌కు పోయేవాడు వాడుకుంటే ఎలా? ఆ రంగు లైట్ల సంగతి చెప్పే కేంద్ర మోటారు వాహనాల నిబంధన నంబరు కూడా 108. మా బావమరిదికి ఇది చెబితే దేవుడి లీల అన్నాడు.

స్టిక్కర్లు కూడా పీకేశాం. కానీ ఆరేళ్లు చిత్తూరు ఎండలో నిలబడ్డ బండి. స్టిక్కర్ కింది తెలుపు తెల్లగానే ఉంది, చుట్టూ ఉన్న తెలుపు పసుపుబారింది. దాంతో ముందు వైపు తిరగేసి రాసిన అక్షరాలు నీడలా అలాగే మిగిలాయి. పెయింటు తర్వాత వేయిద్దాంలే అని, కాణిపాకంలో పూజ చేయించి, నిమ్మకాయలు తొక్కించి, మొదటి ప్రయాణం హంపీకి పెట్టుకున్నాం. పూజ అయ్యాక మా అమ్మ అంబులెన్సు మాటే ఎత్తలేదు. ఎక్కగానే మంచం చూసుకుని నడుం వాల్చింది.

కదిరి దగ్గర టీ కోసం ఆపాం. అంగడాయన బండి ముందు భాగాన్ని తేరిపార చూసి, గొంతు తగ్గించి అడిగాడు. "లోపల ఎవరున్నారు సామీ?"

"మా అమ్మ. పడుకోనుంది."

ఆయన స్టవ్ మంట తగ్గించి బండి వైపు తిరిగి దణ్ణం పెట్టాడు. మూడు టీలకు ఎంత ఇవ్వబోయినా డబ్బు పుచ్చుకోలేదు. విషయం చెప్పేలోగా వెనక తలుపు తెరుచుకుంది. "నాకు చక్కెర తక్కువ వేయమని చెప్పరా" అంటూ మా అమ్మ చెప్పులు వెతుక్కుంటోంది.

తిరిగొచ్చిన వారంలోనే బండికి ఆకుపచ్చ రంగు వేయించాం.

నమస్కారం.