మీ కమిటీకి ఆ అధికారం ఉందా?

హోస్ట్: అందరికీ నమస్తే. విద్యార్థులు తలా ఒక దేశం తరఫున మాట్లాడే ఉత్తుత్తి ఐక్యరాజ్యసమితి, అదే మోడల్ యుఎన్‌కి పేరిచ్చేశాం, కమిటీ వచ్చింది, అజెండా వచ్చింది, ఇప్పుడేం చదవాలి? చాలామంది అడిగేది ఇదే, అందులో నేనూ ఉన్నా. అందుకే అక్కని పట్టుకొచ్చా. డెలిగేట్‌గా మొదలై, తర్వాత సభ నడిపే చెయిర్ సీట్లో కూర్చుని మాలాంటివాళ్ల స్పీచులు బోలెడు భరించింది. అక్కా, నాకు ఏ దేశం వచ్చిందో మాత్రం చివర్లో చెప్తా. తలుచుకుంటేనే ఉసూరుమంటోంది.

గెస్ట్: పెద్ద దేశం రాలేదన్నమాట. సరే, చూద్దాం.

హోస్ట్: చెయిర్‌గా నిన్ను బాగా ఏడిపించిన స్పీచ్ ఏది?

గెస్ట్: ఏడిపించింది కాదు గానీ, జాలేసింది ఒకటుంది. జనరల్ అసెంబ్లీ మొదటి కమిటీ, డైసెక్ అంటాం కదా, నిరాయుధీకరణ చూసేది. ఒకబ్బాయి లేచాడు, గొంతు ఖంగుమంటోంది. "ఈ దేశం మీద ఈ క్షణం నుంచే ఆంక్షలు విధిస్తున్నాం, సైన్యాన్ని పంపుతున్నాం" అన్నాడు. హాలంతా చప్పట్లు. ఆ కమిటీకి ఆ అధికారమే లేదు! జనరల్ అసెంబ్లీలో 193 దేశాలు, దేశానికో ఓటు. బడ్జెట్ లాంటి ఇంటి వ్యవహారాలు పక్కన పెడితే, అది చేసే తీర్మానాలు సిఫార్సులే. అందరూ తలొగ్గాల్సిన ఆంక్షలు, సైనిక చర్య భద్రతా మండలి పని. ఐక్యరాజ్యసమితి మూల ఒప్పందం, అంటే చార్టర్, ఏడో అధ్యాయం, 41, 42 ఆర్టికల్స్. రెండు నిమిషాల్లో చదివేయొచ్చు.

హోస్ట్: అందరం టాపిక్ మీద పడి చదువుతాం, కమిటీ గురించి ఎవరూ చదవరు.

గెస్ట్: నిజం. నన్నడిగితే చదవడం అక్కణ్ణుంచే మొదలుపెట్టాలి. ఒక్కో సంస్థ లెక్క ఒక్కోలా ఉంటుంది. ఐఎంఎఫ్‌లో అంటే అంతర్జాతీయ ద్రవ్యనిధిలో, ఓటు బలం కోటాని బట్టి, అంటే ఆ దేశం పెట్టిన వాటాని బట్టి. పెద్ద నిర్ణయాలకు 85 శాతం ఓట్లు కావాలి, అమెరికా ఒక్కదాని చేతిలోనే 16 శాతం పైన ఉంది. అది కాదంటే 85 రాదు. వీటో అంటే ఒక్కరే అడ్డుకునే హక్కు కదా, పేరు అది కాకపోయినా పని వీటోదే. అంతర్జాతీయ న్యాయస్థానంలో డెలిగేట్లే ఉండరు, 15 మంది జడ్జీలుంటారు. అక్కడ "మా దేశం ఖండిస్తోంది" అన్నావనుకో, నవ్వుతారు.

హోస్ట్: భద్రతా మండలి వస్తే మాత్రం పండగే కదా. వీటో చేతిలో ఉంటే...

గెస్ట్: వీటో ఐదుగురు శాశ్వత సభ్యులకే: అమెరికా, రష్యా, చైనా, బ్రిటన్, ఫ్రాన్స్. ఎన్నికై వచ్చే మిగతా పదిమందికి రెండేళ్ల పదవి, వీటో ఉండదు. తీర్మానం గట్టెక్కాలంటే 15లో 9 ఓట్లు రావాలి, ఆ ఐదుగురిలో ఎవరూ వ్యతిరేకంగా వేయకూడదు. తటస్థంగా ఉంటే వీటో కింద లెక్క కాదు. ఇది తెలియక డెలిగేట్లు ఓటింగ్ అప్పుడు తెగ తికమకపడతారు.

హోస్ట్: నాకు కోపమొస్తే వాకౌట్ చేసేద్దామని కూడా ఒక ప్లాన్ ఉంది.

గెస్ట్: ఆ ప్లాన్ మడిచి జేబులో పెట్టుకో. 1950లో, రష్యా సీటు అప్పట్లో ఎవరి చేతిలో ఉందో ఆ సోవియట్ యూనియన్ అదే చేసింది. చైనా సీటు బీజింగ్‌లోని కొత్త కమ్యూనిస్టు ప్రభుత్వానికి ఇవ్వలేదని జనవరి నుంచి మండలికి రావడం మానేసింది. జూన్‌లో ఉత్తర కొరియా దక్షిణ కొరియా మీదికొచ్చింది. దక్షిణ కొరియాకి సాయపడమని మండలి చకచకా తీర్మానాలు చేసేసింది. అడ్డుకోగలిగినవాడి కుర్చీ ఖాళీ! ఆగస్టులో తిరిగొచ్చారు, అప్పటికే ఐక్యరాజ్యసమితి జెండా కింద యుద్ధం నడుస్తోంది.

హోస్ట్: సరే, వాకౌట్ రద్దు. ఏ టాపిక్ అయితే వాదన రక్తి కడుతుంది?

గెస్ట్: ఒప్పందంలో ఎక్కడో సందు ఉన్నది. "ఉగ్రవాదాన్ని అరికట్టడం" అని ఊరికే ఇస్తే అందరూ ఖండిస్తారు, మూడు రోజులు ఖండించుకుంటూనే కూర్చుంటారు. వాతావరణ మార్పు వల్ల ఇల్లు వదిలినవాళ్ల సంగతి తీసుకో. 1951 శరణార్థుల ఒప్పందం ప్రకారం శరణార్థి ఎవరు? జాతి, మతం, జాతీయత, రాజకీయ అభిప్రాయం, ఫలానా సామాజిక వర్గంలో ఉండటం, వీటి వల్ల వేధిస్తారన్న భయంతో దేశం దాటినవాళ్లు. ఊరిని సముద్రం మింగిందని వచ్చేవాళ్ల మాట అందులో లేదు.

హోస్ట్: నిర్వచనంలో ఒక లైను కలిపేస్తే పోలా?

గెస్ట్: దేశం వైఖరి చెప్తూ డెలిగేట్లు రాసిచ్చే ప్రతి పొజిషన్ పేపర్లో ఆ లైనే! ఒప్పందాన్ని మళ్లీ బల్ల మీద పెడితే, దాన్ని పెంచేవాళ్లే కాదు, కత్తెర పట్టుకున్నవాళ్లూ వస్తారు. ఉన్న రక్షణే పోవచ్చు. అందుకే పక్కదారులు చూడాలి. పసిఫిక్‌లోని చిన్న ద్వీప దేశం తువాలుతో ఆస్ట్రేలియా 2023లో ఒప్పందం చేసుకుంది, ఏడాదికి 280 మంది దాకా తువాలు వాళ్లు ఆస్ట్రేలియాకి వచ్చి స్థిరపడొచ్చు. శరణార్థి అన్న మాట వాడకుండానే దారి దొరికింది. అది మేలా, పెద్ద దేశం పట్టు బిగించడమా అని అడిగితే చూడు, గది రెండుగా చీలుతుంది.

హోస్ట్: తువాలు లాంటి దేశం వస్తే మాత్రం ఎవరు వింటారక్కా?

గెస్ట్: వనువాటు అని పసిఫిక్‌లోనే ఇంకో చిన్న దేశం, దాని కథ తెలుసా? 2019లో అక్కడ లా చదువుతున్న విద్యార్థులు కొందరు, నీ వయసువాళ్లే, వాతావరణం విషయంలో దేశాల బాధ్యతేంటో అంతర్జాతీయ న్యాయస్థానాన్నే అడుగుదామన్నారు. ప్రభుత్వం సరేనంది. కోర్టుని సలహా అడిగే హక్కు జనరల్ అసెంబ్లీకి ఉంది, చార్టర్ ఆర్టికల్ 96. ఆ తలుపే తట్టారు. 2023 మార్చిలో తీర్మానం ఓటింగ్ అక్కర్లేకుండా ఆమోదం పొందింది. 2025 జులైలో కోర్టు ఏకగ్రీవంగా చెప్పింది, దేశాలకి చట్టపరమైన బాధ్యత ఉందని. అది సలహానే, అయినా ఇప్పుడు ఎవరూ తోసేయలేరు.

హోస్ట్: విద్యార్థులు... సరే, ఇక దాచను. నాకొచ్చింది లక్సెంబర్గ్. కమిటీ కోపస్, అంతరిక్షం శాంతియుతంగా వాడుకోవడం మీద. అజెండా చంద్రుడి మీద, గ్రహశకలాల మీద గనులు.

గెస్ట్: ఇందుకా ఉసూరుమన్నావు! గ్రహశకలాల ఖనిజాలు కంపెనీలు సొంతం చేసుకోవచ్చని 2017లోనే చట్టం చేసుకున్న దేశమది. అంతకుముందు 2015లో అమెరికా చేసింది, యూరప్‌లో మొదటిది మీరే. 1967 అంతరిక్ష ఒప్పందం రెండో ఆర్టికల్ ఏమంటుంది? చంద్రుడు ఏ దేశానికీ సొంతం కాడు అంటుంది. మరి అక్కడ తవ్విన మట్టి? దాని గురించి అందులో ఒక్క ముక్క లేదు. గది మొత్తం నీ మీదికొస్తుంది.

హోస్ట్: భయపెట్టకక్కా.

గెస్ట్: ఇంకోటి విను. కోపస్‌లో ఓటింగ్ జోలికి పోరు, ఏకాభిప్రాయంతోనే నడుపుతారు. ఒక్కరు ససేమిరా అన్నా తీర్మానం ఆగిపోతుంది.

హోస్ట్: అంటే...

గెస్ట్: వీటో కావాలన్నావుగా.

హోస్ట్: ఆగాగు. రికార్డింగ్ ఆపేస్తున్నా, ఆ రెండో ఆర్టికల్ ఎక్కడుందో చూపించు.