లేఆఫ్ అయితే పీటీఎస్‌డీ కోడ్ వేయొచ్చా? స్టూడియోలో గంట చర్చ నుంచి కొంత

యాంకర్: నమస్కారమండీ, ఇవాళ మనతో ఇద్దరున్నారు, డాలస్‌లో థెరపిస్ట్‌గా ప్రాక్టీస్ చేస్తున్న మేడమ్, ఇంకా హైదరాబాద్‌లో ఏళ్ల తరబడి నైట్ షిఫ్టులు చేసి అమెరికా హెల్త్ ఇన్సూరెన్స్ క్లెయిమ్స్ చూసి ఇప్పుడు మెడికల్ కోడింగ్, అంటే జబ్బులకి బిల్లింగ్ కోడ్లు ఇచ్చే పనిలో ట్రైనింగ్ ఇస్తున్న సర్. సర్, సూటిగా అడుగుతా, థెరపిస్ట్ నోట్స్‌లో ట్రామా అన్న మాట కనపడగానే పీటీఎస్‌డీ, అంటే ఘోరమైన సంఘటన తర్వాత వచ్చే మానసిక సమస్య కోడ్, ఎఫ్ 43.10 కొట్టేస్తారంట కదా మీవాళ్లు?

కోడర్: (నవ్వుతూ) మమ్మల్నంటారేంటండీ, డయాగ్నసిస్ ఇచ్చేది థెరపిస్టే, అది నోట్స్‌లో నిలబడుతుందా లేదా అన్నది మేం చూస్తాం, అంతే. కాకపోతే మా ఫ్రెషర్లు కూడా ట్రామా అంటే పీటీఎస్‌డీ అనే అనుకుంటారు, అది మాత్రం ఒప్పుకోవాలి.

థెరపిస్ట్: క్లయింట్లు కూడా అంతే సర్. మనవాళ్లలో హెచ్1బీ మీద ఉండి లేఆఫ్ అయినవాళ్లు వస్తారు, 60 రోజుల్లో ఇంకో జాబ్ దొరక్కపోతే సర్దుకుని వెళ్లిపోవాలి, నిద్ర లేదు, ఫోన్ మోగితే గుండె దడ, "నాది ట్రామా మేడమ్, పీటీఎస్‌డీ రాయండి" అంటారు. డీఎస్ఎం, అంటే మానసిక జబ్బుల నిర్ధారణకి అమెరికాలో వాడే పుస్తకం, దాని లెక్కలో పీటీఎస్‌డీకి మొదటి మెట్టే క్రైటీరియన్ ఏ, అంటే చావు లేదా చావు భయం, తీవ్రమైన గాయం, లైంగిక హింస, వీటిలో ఏదో ఒకటి జరిగుండాలి. ఉద్యోగం పోవడం అందులోకి రాదు. దిగులు, ఆందోళన రెండూ ఉంటే అడ్జస్ట్‌మెంట్ డిజార్డర్, అంటే జీవితంలో వచ్చిన మార్పుకి తట్టుకోలేకపోవడం, ఎఫ్ 43.23. బాధ చిన్నదని కాదు, కోడ్ వేరు, అంతే.

యాంకర్: అడ్జస్ట్‌మెంట్ అంటే ఇన్సూరెన్స్ వాళ్లు లైట్ తీసుకుంటారేమోనని...

థెరపిస్ట్: ఆ భయంతోనే కదా పెద్ద కోడ్ వేసేది! సాధారణంగా దీనికీ డబ్బులొస్తాయండీ. ఆరు నెలలు దాటితే ఇంకా అదేనా అని అడగొచ్చు, కానీ ఆ ఆరు నెలలు లెక్కపెట్టేది లేఆఫ్ రోజు నుంచి కాదు, ఆ ఒత్తిడి, దాని తాలూకు పరిణామాలు తీరిపోయాక. వీసా టెన్షన్ నడుస్తూనే ఉంటే ఆ ముక్క నోట్స్‌లో రాయాలి, చాలామంది అదే రాయరు.

కోడర్: నేనొకటి చెప్తా. నేను కొత్తలో ఉన్నప్పుడు ఒక క్లెయిమ్ వచ్చింది, మొదటి అసెస్‌మెంట్, దాని బిల్లింగ్ కోడ్ 90791, డయాగ్నసిస్ పీటీఎస్‌డీ. నోట్ తెరిస్తే హైవే మీద యాక్సిడెంట్ 9వ తారీకు, సెషన్ 27, అంటే 18 రోజులు. నెల దాటందే పీటీఎస్‌డీ లేదు కదా, మూడు రోజుల నుంచి నెల దాకా అక్యూట్ స్ట్రెస్ డిజార్డర్, ఎఫ్ 43.0. ఆ థెరపిస్ట్‌కి క్వెరీ పెడితే "ఎలాగూ అదే అవుద్ది" అని జవాబు. రేపు అవుద్దని ఇవాళ వేస్తే ఎట్లా? అవుట్‌పేషెంట్ రూల్‌లో "ప్రాబబుల్" (కావొచ్చు), "రూల్ అవుట్" (కాదని తేల్చుకోవాలి) అన్నవి కోడ్ చేయకూడదు, ఇంకా తేలకపోతే కనిపిస్తున్న లక్షణాలకే కోడ్ ఇవ్వాలి. ఆ రోజు నేను కొత్తోణ్ని, గట్టిగా అనలేక వదిలేశా, తర్వాత ఆడిట్‌లో నా పేరు మీదే ఎర్రర్ పడింది.

యాంకర్: అయ్యో. మరి 43.10లో "అన్‌స్పెసిఫైడ్" అని ఉంటుంది కదా, అది బద్ధకం కోడా?

థెరపిస్ట్: అక్కడే అందరూ పడతారు. మూడు నెలల్లోపు అయితే 43.11 అక్యూట్, మూడు నెలలైతే 43.12 క్రానిక్, ఆ లెక్క పాత డీఎస్ఎం-4 నాటి మాట. 2013లో డీఎస్ఎం-5 వచ్చాక ఆ విభజన తీసేశారు, పీటీఎస్‌డీకి డీఎస్ఎం ఇచ్చే కోడే 43.10. అన్‌స్పెసిఫైడ్ అన్న మాట చూసి భయపడి 43.12కి మార్చేస్తే, క్రానిక్ అని మీ నోట్స్‌లో ఎక్కడుంది అని అడిగితే ఏం చూపిస్తారు?

కోడర్: కాంప్లెక్స్ పీటీఎస్‌డీ గురించి కూడా రోజూ అడుగుతారు. అది ఐసీడీ-11, అంటే జబ్బుల అంతర్జాతీయ కోడ్ల జాబితా కొత్త వెర్షన్‌లో ఉంది, 6బీ41, కానీ అమెరికా బిల్లింగ్ ఇంకా పాత వెర్షన్ ఐసీడీ-10-సీఎం మీదే నడుస్తోంది, అక్కడ దానికి సొంత కోడే లేదు. పెద్ద అప్‌డేట్లు ఏటా అక్టోబర్ 1న వస్తాయి, 2022లో ప్రొలాంగ్డ్ గ్రీఫ్ (ఎంతకీ తగ్గని శోకం)కి 43.81 అలాగే వచ్చింది, పాత చీట్‌షీట్ గోడకి అంటించుకుని కూర్చుంటే రిజెక్షన్లే.

యాంకర్: మేడమ్, హెచ్4 మీద, అంటే భర్త హెచ్1బీ ఆధారంగా వచ్చే వీసా మీద ఉన్న ఆడవాళ్ల విషయం. పాలసీ భర్త పేరు మీద, దెబ్బలు కొట్టేది కూడా ఆయనే అయితే?

థెరపిస్ట్: (కాసేపు ఆగి) ఈఓబీ, అంటే ఏ క్లెయిమ్‌కి ఎంత ఇచ్చారో ఇన్సూరెన్స్ వాళ్లు పంపే కాగితం, అది పాలసీదారుకి వెళ్తుందండీ. అందులో డయాగ్నసిస్ చాలాసార్లు ఉండదు, కానీ నా పేరు, తేదీ ఉంటాయి, అనుమానం రావడానికి అది చాలదా? హింస నిర్ధారణ అయితే టీ74, అనుమానం అయితే టీ76 అని కోడ్స్ ఉన్నాయి, అవి వేసే ముందు ఆమెతో కూర్చుని మాట్లాడతా. హిప్పా, అంటే పేషెంట్ల సమాచారాన్ని కాపాడే అమెరికా చట్టం ప్రకారం, నాకు ప్రమాదం ఉంది, కాగితాలు వేరే అడ్రస్‌కి పంపండి అని ఆమె అడిగితే, ఆ కోరిక సబబైనదైతే ప్లాన్, అంటే ఇన్సూరెన్స్ వాళ్లు, ఒప్పుకోవాల్సిందే. ఒకామె స్నేహితురాలి అపార్ట్‌మెంట్ అడ్రస్ ఇచ్చింది. ప్లాన్ నుంచి ఒప్పుకున్నట్టు ఉత్తరం వచ్చేదాకా మొదటి క్లెయిమ్ కూడా పంపలేదు.

యాంకర్: మరి అప్పటిదాకా మీ డబ్బులు?

థెరపిస్ట్: హోల్డ్‌లో ఉంటాయి. 90 రోజుల్లో ఫైల్ చేయకపోతే ఇక ఇవ్వని ప్లాన్లున్నాయి, అందుకే క్యాలెండర్‌లో 75వ రోజు దగ్గర ఎర్ర పెన్నుతో గుండ్రంగా చుట్టి పెట్టుకుంటా.