మెమ్‌టెస్ట్86+ రివ్యూ: తప్పు ర్యామ్‌దా, మదర్‌బోర్డుదా?

నమస్కారం అండి. కంప్యూటర్ మాటిమాటికీ బ్లూ స్క్రీన్ చూపించి రీస్టార్ట్ అవుతోందంటే చాలామంది ముందు కొత్త ర్యామ్ కొనేస్తారు. అది పెట్టాక కూడా అదే వరస అయితే అనుమానం మదర్‌బోర్డు మీదికి పోతుంది. డబ్బు పెట్టకముందే ఈ సంగతి తేల్చుకోవడానికి ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86+ అనే టూల్ ఎంతవరకు పనికొస్తుందో చూద్దాం.

ఇది ఉచితం, ఓపెన్ సోర్స్ కూడా. పెన్‌డ్రైవ్‌లో వేసి దాన్నుంచే బూట్ చేయాలి. విండోస్ లోడ్ కాదు కాబట్టి ర్యామ్ దాదాపు మొత్తం పరీక్షకు దొరుకుతుంది. 2022లో వచ్చిన 6.00 వెర్షన్ నుంచి యూఈఎఫ్ఐ (పాత బయాస్ స్థానంలో వచ్చింది) ఉన్న బోర్డుల మీద కూడా నడుస్తోంది.

ఇదిగో, ఎర్రర్ దొరికితే స్క్రీన్ మీద ఇలా ఎర్ర వరుస వస్తుంది, చూడండి. ఎక్కడ తప్పిందో అడ్రస్, పక్కన ఉండాల్సిన విలువ, ఆ పక్కన దొరికిన విలువ. తేడా ఒక్క అంకెలోనే ఉంది కదా అని వదిలేయకండి. ఇలాంటిది ఒక్కటి కనిపించినా ఆ సిస్టమ్‌ని నమ్మకూడదు, మీ ఫైళ్లే పాడవుతాయి.

అయితే ఆ ఎర్ర వరుస చూసి ర్యామ్ పోయిందని తేల్చేయకండి. రాసిన డేటా తిరిగి సరిగ్గా రాలేదని మాత్రమే అది చెబుతుంది. మెమరీ కంట్రోలర్ ప్రాసెసర్‌లో ఉంటుంది. డేటా అక్కడి నుంచి బోర్డు మీది లైన్లు, స్లాట్ దాటి ర్యామ్ స్టిక్‌కి చేరుతుంది. దారిలో ఎక్కడ తేడా ఉన్నా ఎర్ర వరుస ఒకటే.

అందుకే ముందు బయాస్ సెట్టింగ్స్‌లో ఎక్స్ఎంపీ లేదా ఎక్స్‌పో (ర్యామ్‌ని మామూలు కంటే ఎక్కువ స్పీడులో నడిపే సెట్టింగ్) ఆపి పరీక్షించండి. ఎర్రర్లు పోతే ఏదీ చచ్చిపోలేదు, ఆ స్పీడు తట్టుకోవట్లేదు అంతే. పోకపోతే పవర్ కేబుల్ తీసి, మాన్యువల్ చెప్పిన స్లాట్‌లో ఒక్క స్టిక్కే పెట్టండి. నాలుగు స్లాట్లుంటే చాలా బోర్డుల్లో అది ప్రాసెసర్ వైపు నుంచి రెండోది. టెస్ట్ అయ్యాక అదే స్లాట్‌లో రెండో స్టిక్. ఎర్రర్ స్టిక్‌తో పాటు వేరే స్లాట్‌కీ వెళ్తే ర్యామే. ఏ స్టిక్ పెట్టినా అదే స్లాట్‌లో వస్తూ, వేరే స్లాట్‌లో రాకపోతే తప్పు బోర్డు వైపు ఉంది.

బోర్డు వైపు అన్నాను, బోర్డే అనలేదు. ప్రాసెసర్ కూర్చునే సాకెట్‌లో ఒక్క పిన్ వంగినా, కూలర్ మరీ బిగించినా ఒక ఛానెల్ (ర్యామ్‌కి డేటా వెళ్లే దారి) మొత్తం పనిచేయకపోవచ్చు. బోర్డు మార్చేముందు ప్రాసెసర్ తీసి, టార్చ్ వేసి సాకెట్ చూడండి.

అసలు డిస్‌ప్లేనే రాకపోతే ఈ టూల్‌తో పని జరగదు, అప్పుడు బోర్డు మీద ర్యామ్ సమస్యని చూపించే డీర్యామ్ ఎల్ఈడీ ఉంటే దాన్ని చూడటం, ఒక్కో స్టిక్ మార్చి చూడటమే దారి. ఇంకో లోటు టైమ్. ఒక్క పాస్‌తో (అన్ని టెస్టులూ ఒక రౌండ్) ఆపకండి, రాత్రంతా వదిలేయండి. విండోస్‌లో ఉండే మెమరీ డయాగ్నస్టిక్ త్వరగా అయిపోతుంది కానీ, అది బాగుందన్నంత మాత్రాన నేను వదిలేయను.

ర్యామ్‌దే తప్పని తేలితే, కిట్‌గా కొన్నవాళ్లు వారంటీకి రెండు స్టిక్‌లూ కలిపే పంపండి.